లోపం నంబరు 2117

డండీలో, ఒకప్పుడు గోనెపట్టా నేసిన మిల్లు మూడో అంతస్తులో
నా ఉద్యోగం చిరుగులు వెతకడం.
కథ రాసేది కర్స్టీ.
దాన్ని యంత్రానికి నేర్పేది యూవన్.
రోరీని దీవిలో వదిలేసేది నేను.

ఆటలో తుఫాను. చిన్న పడవ. మిగిలింది ఒక్కటే చోటు.
ఒడ్డున ఇద్దరు: నిండు చూలాలైన పొరుగింటావిడ,
తొమ్మిదేళ్ళ తమ్ముడు, వాడి చంకలో కుంటి గొర్రెపిల్ల.
అక్క చేతిలో తాడు.
తెర మీద రెండు మాటలు వెలుగుతాయి:
'రోరీ, ఎక్కు.'
'రోరీ, ఇక్కడే ఉండు. మళ్ళీ వస్తా.'
ఎంచుకోవడానికి ఎనిమిది సెకన్లు.

ఇళ్ళలో ఆడేవాళ్ళు ఇక్కడ ఆగిపోతారట,
గడియారాన్ని ఆపేసి
టీ చల్లారబెట్టుకుంటారట.
నాకు ఆగే వీల్లేదు.
పట్టికలో గడులున్నాయి, ప్రతి గడికీ ఒక టిక్కు.
సోమవారం పదకొండుసార్లు వదిలేశాను.
మంగళవారం తాడు తెంపి వదిలేశాను,
వెనక్కి తిరిగి చూస్తూ, చూడకుండా,
గొర్రెపిల్లని మాత్రం ఎక్కించుకుని ఒకసారి.
(అలా కుదురుతుందని కర్స్టీ అనుకోలేదు.
నవ్వింది. తర్వాత నవ్వలేదు.)

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు సామెత,
నాకు జీతం.
కాల్చుకుంటాను, వెనక్కి వెళ్తాను,
చేతులు మళ్ళీ కొత్తవి.

నలభై మూడోసారి, గురువారం సాయంత్రం,
ఐదో అధ్యాయంలో, ఆరేళ్ళ తర్వాత
అక్క దీవికి తిరిగొచ్చింది.
అక్కడ ఉండవలసింది రాళ్ళ గుట్ట,
దాని మీద ఉన్ని టోపీ, గాలి చప్పుడు.
వాడున్నాడు.
అదే తొమ్మిదేళ్ళు, అదే తడిసిన చొక్కా,
కాళ్ళు ఇసుకకి జానెడు ఎత్తున తేలుతూ
(అందుకే లోపమని తెలిసింది)
ఆ దారిలో లేని మాట అన్నాడు:
"ఇంత ఆలస్యం చేశావేం? ఆకలేస్తోంది."

అది రెండో అధ్యాయంలో
బడి గేటు దగ్గర అనవలసిన మాట.
ఎక్కడో ఒక సున్నా ఒకటిగా మిగిలిపోయింది.
నేను ఏ మీటా నొక్కలేదు.
హెడ్‌ఫోన్స్‌లో గొర్రెపిల్ల ఒకసారి అరిచింది.
అదీ ఉంది.

ఫారం నింపాలి.
జరగవలసినది: పిల్లవాడు చనిపోయి ఉండాలి.
జరుగుతున్నది: పిల్లవాడు ఆకలంటున్నాడు.
తీవ్రత: స్వల్పం, మధ్యమం, ప్రాణాంతకం,
మూడిట్లో ఒకటి.
ఇక్కడ గడువేమీ లేదు. సాయంత్రమంతా నాదే.

కిటికీ అవతల టే నది, దాని మీద రైలు వంతెన,
పక్కనే నీళ్ళలోంచి
ఎప్పుడో కూలిన పాత వంతెన మొండి స్తంభాలు.
ఎవరూ పీకెయ్యలేదు.
గతజల సేతుబంధనమని బడి వ్యాసాల్లో తెగ రాసేదాన్ని,
అందంగా ఉంటుందని.
పోయిన నీళ్ళ సంగతి సరే,
వంతెన పోయాక నిలబడ్డ కాళ్ళని ఏమంటారో
తెలుగు మేష్టారు చెప్పలేదు.

శుక్రవారం పంపించాను, మధ్యమమని.
యూవన్‌కి నాలుగు నిమిషాలు పట్టింది.
కర్స్టీ కాఫీ కప్పుతో నా బల్ల దగ్గరకొచ్చి
"నిజంగా ఆకలన్నాడా?" అంది.
అన్నాడన్నాను.
"ఆ వాక్యం తీసేద్దామనుకున్నా, మరీ మామూలుగా ఉందని,"
అని కాసేపు అక్కడే నిలబడింది.

ఇప్పుడు అక్క తిరిగొస్తే రాళ్ళు, టోపీ, గాలి.
సరిగ్గా పనిచేస్తోంది.
మూడుసార్లు చూసి సంతకం పెట్టాను.

ఆదివారం, ఎవరూ లేని ఆఫీసులో,
పట్టిక మూసేసి
మొదటినుంచీ ఆడుతున్నాను.
బడి గేటు. ఆకలి. ఇద్దరూ పంచుకున్న రొట్టె.
తుఫాను.
రెండు మాటలు వెలిగాయి.
ఆరు. ఐదు.
చూలాలు కడుపు పట్టుకుని నావైపు చూస్తోంది.
నాలుగు.
రోరీ గొర్రెపిల్లని
ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు,
చెయ్యి నొప్పెట్టిందేమో.

నలభై మూడుసార్లలో
ఈ కదలిక నేనెప్పుడూ చూడలేదు.