కపిల తాడు

చిత్తూరు కలెక్టరేట్ రికార్డు గదిలో
పగలు పదకొండుకే ట్యూబులైటు దగ్గుతుంది.
మునిరత్నం గుడ్డమూట విప్పుతాడు,
పాత పుండుకి కట్టు విప్పే కాంపౌండరులా
మొహం పక్కకి తిప్పుకుని.
ఫసలి పన్నెండు వందల డెబ్బయ్యో, ఎనభయ్యో,
ఆఖరి అంకెలు చెదలు తినిపోయాయి.

నేను వానను వెతుక్కుంటూ వచ్చాను.
వానమాపకం పుట్టని ఊరి వానను.

కరణం తిరువేంగడయ్యది గొలుసుకట్టు రాత,
కలం ఎత్తితే సిరా దండగన్నట్టు.
మృగశిర: బెత్తెడు పదును.
ఆరుద్ర: దుమ్ము అణిగెను.
పుబ్బ: లేదు. ఉత్తర: లేదు.
హస్త: మబ్బు మాత్రము.

మడక ఎంత లోతు దిగితే అంత వాన ఆయనకి.
దుమ్ము అణిగెను,
దీన్ని ఎన్ని మిల్లీమీటర్లు చెయ్యను?
నా పట్టికలో ఆ గడి ముందు
అరగంట కూచున్నాను.

అదే పుటలో, కొంచెం కింద, పంట ఎనిమిదణాలని ఉంది.
పుబ్బ ఎండి, హస్త ఎండి
ఎనిమిదణాలు ఎక్కడ పండాయి?
తాసిల్దారు గుర్రం ఊళ్ళోకొచ్చిన రోజది.
ఆ ఒక్క వరసలో అక్షరాలు విడివిడిగా,
చేతులు కట్టుకుని నిలబడ్డాయి.

నిజం వేరే కట్టలో దొరికింది, ఖర్చుల చీటీల్లో.
దేవళం తోటబావికి కపిల తాడు: ఏడు బారలు.
మరుసటేడు తొమ్మిది.
ఆ మరుసటేడు పదమూడు, తోలు తిత్తికి అతుకు రెండణాలు.
ఆ పైన తాడు కొనలేదు.
ఎద్దులమ్మిన చీటీ ఉంది.
నాలుగూ బల్లమీద వరసగా పెడితే
నేల లోపలికి మెట్లు కట్టినట్టుంది.

చివరి పుటలో, స్వాతి కార్తె దగ్గర, రాత లేదు.
అరచేతి మేర తడి మరక, అంచున గోధుమరంగు.
కురిసిందా?
ఆ రాత్రి కరణం ఇల్లు కారిందా?
రాసేందుకు మాట దొరక్క
పుస్తకాన్నే వాకిట్లోకి పట్టుకెళ్ళాడా?

మునిరత్నం కళ్ళద్దాలు నుదుటికెత్తి చూశాడు.
"ఆ కాలంది కాదు మేడం.
పోయినేడు కార్తీకంలో తుపాను వచ్చె చూడండి,
నీవా నది రోడ్డెక్కె కదా, ఆ పొద్దు.
కప్పు కారింది. బకెట్టు పెట్టింది నేనే."

నూటయాభై ఏళ్ళు ఆలస్యంగా
అడిగిన వాళ్ళెవరూ లేనప్పుడు
ఆ పుట మీద వాన పడింది.

గడి ఖాళీగా వదిలెయ్యాలి, నియమం అంతే.
వదిలేశాను.
రిమార్కుల్లో మాత్రం రాశాను: తడి. పోయినేటిది.
ఎన్ని బకెట్లు నిండాయని అడిగాను.
కాసేపు కప్పుకేసి చూసి
"ఒకటిన్నర" అన్నాడు.
అదీ రాసుకున్నాను.