అతుకు

సైరెన్సెస్టర్ దాటాక బస్సు దిగి
అర మైలు తోసుకొచ్చాను ఆయన కుర్చీని.
బుధవారం. పడాలా వద్దా అని
వాన ఇంకా తేల్చుకోలేదు.
టికెట్ కిటికీలో అమ్మాయి నన్ను చూసి
"తోడొచ్చిన వాళ్లకి ఉచితం" అంది.

లోపల ఇల్లు లేదు.
ఇల్లు ఉండిన చోటు ఉంది.
రోమన్ల కాలపు గోడలు మోకాలెత్తుకి వచ్చి ఆగిపోయాయి
చెప్పబోయిన మాట మరిచిపోయినట్టు.
వాటి మీద వానకి అడ్డంగా
మొన్న మొన్నటి రేకుల కప్పు.

గడప రాయి మాత్రం అలాగే ఉంది,
నడుమ పల్లమై, సగం చప్పరించిన బిళ్లలా.
యజమాని కాళ్లు తక్కువే అయ్యుంటాయి ఆ అరుగుదలలో.
నీళ్లు మోసినవాళ్లు, కట్టెలు మోసినవాళ్లు,
ఏదో మరిచిపోయి మళ్లీ వెనక్కొచ్చినవాళ్లు,
ఒక్కో పనికి రెండేసిసార్లు తొక్కి ఉంటారు.

డెస్మండ్‌కి ఎనభై ఆరు.
నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల స్నానాల గదుల్లో బండలు పరిచాడు.
పొద్దున నన్ను "హైమా" అంటాడు,
సాయంత్రానికి మరెవరి పేరో పెడతాడు.
పలుకుతాను.

చెక్క వంతెన మీద ఆపమన్నాడు.
కింద నేల:
ఎరుపు, తెలుపు, బూడిద రంగు,
చింతగింజంత రాళ్లు.
అంచు చుట్టూ జడలల్లిన తాళ్లు,
నడిమధ్య చేప కాని చేప ఒకటి.
చుక్కల లెక్క తప్పని ముగ్గు,
మర్నాడు ఊడ్చేవాళ్లు లేక మిగిలిపోయింది.

గైడు గొంతు సవరించుకుంది.
ఈ గది కింద, పొట్టి ఇటుక స్తంభాల మధ్య
వేడి పొగ తిరిగేదట,
పైన వాళ్ల పాదాలు చలికాలమంతా వెచ్చగా ఉండేవట.
"మసి ఎవరు తీసేవాళ్లు?" అడిగాను.
ఆమె చేతిలో కాగితం తిప్పి చూసింది.
అందులో లేదు.

బక్క పిల్లవాడెవడో అయ్యుంటాడు.
రెండు మూరలైనా లేని ఆ సందులో పట్టేది వాడే.
మోచేతుల మీద పాకుతూ, నోటికి గుడ్డ కట్టుకుని,
నెత్తి మీద నడుస్తున్న పాదం ఎవరిదో
చప్పుడుని బట్టి పోల్చుకుని ఉంటాడు.
నాకూ తెలుసు ఆ విద్య.
రాత్రి డ్యూటీలో మెట్ల కింద కూర్చుని
పై గదుల్లో ఎవరు లేచారో
మంచం కిర్రుమనే తీరుని బట్టి చెప్పగలను.

అప్పుడు డెస్మండ్ చెయ్యి చాచాడు, మూలకి.

అక్కడ తాళ్ల అల్లిక తెగింది.
ఆ ఇంట్లో ఇంకా అన్నాలు వండుకుంటున్న రోజుల్లోనే
ఎప్పుడో నేల కుంగితే
ఎవరో పూడ్చారు,
నమూనా వంక చూడకుండా, దొరికిన ఎర్ర పెంకులతో,
అడ్డదిడ్డంగా, చాటంత మేర.
"చెత్త పని," అన్నాడు,
చాలా రోజులకి మాట తడబడకుండా.
"నేనైతే పైసా ఇవ్వను.
సున్నం ఆరకముందే తొక్కేశాడు చూడు,
వెధవకి ఇంటికెళ్లే తొందర."

వంగి చూశాను. నిజమే.
ఒక పెంకు కాస్త దిగబడి ఉంది,
మడమ ఆనినంత మేర.

మిగతా జనం చేపని ఫోటో తీసుకుని
టీ గది వైపు వెళ్లిపోయారు.
మేమిద్దరం ఆ మూల దగ్గరే ఉండిపోయాం.
ఆయన ఒక్కో తప్పూ వేలెత్తి చూపిస్తున్నాడు,
ముఖంలో రక్తం తిరిగింది.
ఇంకోటి, ఇంకోటి, అదిగో అక్కడ,
పోయిన వారం కూతురి ఫోటో చూసి
ఎవరని అడిగిన మనిషి.

నేను ఆయన మోకాలి వైపు చూశాను.
ప్యాంటు చిరిగితే నిన్న నేనే కుట్టాను,
బూడిద రంగు గుడ్డకి నీలం దారం.
డ్రాయరులో అదే ఉంది మరి.
షిఫ్టు అయిపోవస్తోంది,
నాకూ ఇంటికెళ్లే తొందర.

తిరిగొచ్చేసరికి వాన తేల్చుకుంది.
బస్సు అద్దాల మీద ఊరంతా కారిపోతోంది.
దారంతా ఆయన బొటనవేలు
మోకాలి మీది కుట్టుని తడుముతూనే ఉంది,
ముందుకీ వెనక్కీ.
ఏమీ అనలేదు.
పైసా ఇవ్వనని కూడా.