కారణం రాసే గడి

పదకొండేండ్లు నా పని చూసుడే.
బాదేపల్లి అవతల సీసాల కంపెనీల
తెల్ల లైటు ముందు స్టూలేసుకొని
మందుసీసాల మెడలల్ల పగులు పట్టుడు.
నిమిషానికి అరవై.
వెంట్రుకంత గీత, గసగసమంత బుడగ
ఏదీ నన్ను దాటి పోలే.
రెప్ప ఎప్పుడు కొట్టాల్నో కూడ నేర్చుకున్న,
సీసాకూ సీసాకూ నడిమి సందుల.

ఉగాది అయినంక కెమెరా వచ్చింది.
దానికి రెప్ప లేదు.
నైట్ షిఫ్టుల దానికి చాయ అక్కెర్లేదు.

ఎనమండుగురు ఆడోళ్లం.
టైమాఫీసుల తలా ఒక కాయితం, అందరికి ఒకటే పెన్ను.
"లెక్క తేలినట్టు సంతకం" అన్నడు.
పెట్టిన.
వెంట్రుకంత గీత పట్టిన కండ్లు
మూడో వరుస సదవలే:
నా సొంత ఇష్టంతో మానుకొనుచున్నాను.

జహీరాబీ చెప్పింది,
నౌకరి పోయినోళ్లకు ఈఎస్ఐల పైసలిస్తరట,
మూన్నెల్లు, సగం కూలి.
"ఊకెనే ఇస్తరా?" అన్న.
"ఊకె ఎందుకిస్తరు? నెలనెలా మన జీతంల కోసిన్రు.
చిట్టీల అడుగు గీత ఎన్నడన్న చూసినవా?"
చూడలే.
నేను సీసాలే చూసిన.

జీరో టికెట్ మీద పాలమూరు పోయిన.
మెట్టుగడ్డ కాడ దిగి
ఆఫీసు యాడున్నదని అడుక్కుంట అడుక్కుంట నడిచిన.
ఆ మాటకు రెండర్థాలున్నయని
ఆ పొద్దే తెలిసింది.

మీసేవ పిలగాడు తల గోక్కున్నడు.
ఆధార్ల కురుమూర్తమ్మ.
బ్యాంకుల కుర్మమ్మ.
కంపెనీల కె. మూర్తమ్మ.
"ముగ్గురిట్ల నువ్వెవరమ్మా?"
"ముగ్గురి నౌకరీ పోయింది బిడ్డా,
ఎవరిదన్న రాయి."

ఆఖర్న ఒక గడి.
ఉద్యోగం పోవుటకు కారణం.
అగ్గిపెట్టెంత లేదు.
కెమెరా అని రాయాల్నా?
రెప్ప కొట్టుడు అని రాయాల్నా?
సొంత ఇష్టమంటే పైస రాదంట.

కౌంటర్ల మేడం నా కాయితాన్ని
కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది,
అచ్చం నేను సీసాను పట్టినట్టే.
పగులు దొరికింది. పక్కకు పెట్టింది.
ఆమె తప్పేం లేదు, అది ఆమె పని.
పక్కకు పెట్టిన సీసాను
పలగ్గొట్టి మళ్ల కొలిమిల పోస్తరు.
మనిషిని ఏం చేస్తరో
ఎవరూ చెప్పలే.

గేటు కాడ రెండు దినాలు కూసున్నం.
సద్దిగిన్నెలు, జహీరాబీ బీపీ గోలీలు,
సమ్మక్క చంకల మనుమడు.
వాచ్‌మన్ తిప్పన్న దొంగతనంగ నీళ్ల క్యాన్ ఇచ్చిండు.
నౌకరీ మళ్ల ఇయ్యుమని కాదు,
మమ్ముల తీసేసిన్రని రాసియ్యిండ్రని.
ఇట్ల కొట్లాడినోళ్లు
ఈ జిల్లాల మేమే ఉంటం.
మూడోనాడు పొద్దుగూకంగ
ముద్ర కొట్టిన కాయితం బయటికొచ్చింది.
తొలగించడమైనది.
ఒక్క మాట.
ఈసారి ఎనమండుగురం
అక్షరం అక్షరం వేలు పెట్టి సదివినం.
జహీరాబీ ముద్దు పెట్టుకున్నది దాన్ని,
ఎన్కనే ఏడ్చింది.

ఐదోసారి పోయినంక గడి నిండింది.
నలభై దినాలకు ఫోన్ల టింగుమన్నది.
పక్కింటి పోరి సదివింది,
ఆరువేల మూడొందలు.
సగం.
సగం కిరాయి కట్టరాదు, సగం గ్యాసుబండ రాదు,
అయినా ఆ రాత్రి
జొన్నరొట్టె మీద వెన్న రాసుకున్న.
సర్కారు దయ అన్నడు కిరాణం సేటు.
కాదు సేటూ, నా గీత కింద గీత అన్న.
ఆయనకు సమజు కాలే.

ఇంక రెండు టింగులున్నయి.
అటెన్క ఏ గడీ లేదు.

నిన్న పక్కింటి పోరికి దగ్గుమందు తెచ్చిన్రు.
చెయ్యి ఊకోలే,
సీసాను బుగ్గకు ఎదురు పట్టిన.
మెడ చూసిన, అడుగు చూసిన,
తిప్పి తిప్పి చూసిన.
ఏం దొరకలే.
మంచిగనే చూసింది కెమెరా,
ఒప్పుకోవాలె.

సీసా ఇచ్చేసి గడప మీద కూసొని
చానాసేపు
లెక్క లేకుంట
రెప్పలు కొట్టిన.