కూసిన పెట్ట

మా అట్రాక్టా అత్త నమ్మనిదంటూ లేదు.
నలుపూ తెలుపూ మ్యాగ్‌పై పిట్ట ఒంటరిగా గోడ మీద వాలితే
పాలబకెట్టు కింద పెట్టి మరీ పలకరించేది,
"ఏమయ్యా, మీ ఆవిడ కులాసానా?" అని.
పొదిగేయడానికి పదమూడు గుడ్లు. పన్నెండైతే ఒప్పుకోదు.
ఒక్కోదాని మీదా కాలిన పుల్లతో శిలువ గీసేది.
నేను గీస్తే వంకరపోయిందని
ఉమ్మి పెట్టి తుడిచి మళ్ళీ గీసేది.

మే నెల మొదటి రోజు గడ్డివామిలో మూడు గుడ్లు దొరికాయి,
మా కోళ్ళవి కావు.
చేత్తో తాకనివ్వలేదు. పార మీదికెత్తి
రోడ్డు దాటించి కాల్చేసింది.
ఎవరు పెట్టారో తెలుసు. పేరు చెప్పలేదు.
ఆ ఆదివారం చర్చిలో
ఆవిడ పక్కనే కూర్చుంది.

అలాంటి అత్త ఇంట్లో, సెప్టెంబరులో, వానకు ముందు
ఎర్రపెట్ట పెంటకుప్ప ఎక్కి
మెడ సాచి
కూసింది.

పుంజు కూత కాదు. తుప్పుపట్టిన గేటు
తనే పుంజుననుకుంటే ఎలా ఉంటుందో, అలా.

తెల్లారేసరికి అందరికీ తెలిసిపోయింది.
మలాకీ గిల్‌హూలీ కత్తి నూరుకునే వచ్చాడు, సాయానికి.
"కూసే పెట్టా, ఈలేసే ఆడదీ కొంపకు చేటు" అన్నాడు.
అనేసి నాలిక్కరుచుకున్నాడు.
లీట్రిమ్‌లో మా మూలన
ఈలేసే ఆడది ఒక్కతే మరి.
ఆవుల్ని ఈలతోనే పిలిచేది అత్త.
సంబంధం మాట్లాడదామని డ్రమ్‌షాంబో నుంచి వచ్చినవాడు
ఆ ఈల విని, సైకిలు దిగకుండానే
వెనక్కి తిరిగాడని చెప్పుకునేవాళ్ళు.

"టీ తాగి వెళ్ళు మలాకీ" అంది. అంతే.

మార్టిన్ పండగ ముందురాత్రి గడప మీద రక్తం పడాలి,
లేకుంటే ఏడాదంతా ఇంటికి కీడు.
అందరి కళ్ళూ ఎర్రపెట్ట మీదే. నావి కూడా.
సూప్ వాసన అప్పటికే నా ముక్కులో ఉంది.
అత్త కుట్టుసూది తెచ్చి దీపం మంటలో కాల్చి
తన బొటనవేలు పొడుచుకుంది.
గడపకో చుక్క, తక్కిన మూలలకు తలో చుక్క.
"ఆయన అడిగింది రక్తం. ఎవరిదో చెప్పలేదు."

ఆ చలికాలం కీడు రాలేదని అనలేను.
చూడి ఆవు ఈచుకుపోయింది. కప్పు కారింది. నాకు కోరింతదగ్గు.
మలాకీ లెక్క రాసుకునే ఉంటాడు.
పెట్ట మాత్రం గుడ్లు మానేసి
కూస్తూనే ఉండేది.
కూసినప్పుడల్లా వంటింట్లోంచి
అత్త, మోచేతుల దాకా పిండితో,
తలెత్తకుండానే
ఈలేసి బదులిచ్చేది.