ఏడో అంశం

ఫిబ్రవరి రెండో మంగళవారం, సాయంత్రం ఆరున్నర.
కోరం ఉంది. హీటర్ లేదు.
మేయర్ కోటు విప్పకుండానే సుత్తి కొట్టింది.
రాసుకున్నాను: హాజరు ఐదుగురు,
గైర్హాజరు ఒకరు, ట్రక్కు మంచులో దిగబడినందువల్ల.

గత నెల మినిట్స్, ఆమోదం.
మంచు తోసే బండికి కొత్త బ్లేడు, ఆమోదం.
శ్మశానం కమిటీలో ఖాళీకి
మూడో నెలా దరఖాస్తుల్లేవు.
"అందరం వెళ్లాల్సిన చోటే కదా,
ముందుగా వెళ్లడానికే ఎవరికీ తొందర లేదు"
అంటాడు లిండ్‌క్విస్ట్, ప్రతి నెలా.
ప్రతి నెలా నేనది రాయను.

అప్పుడొచ్చింది ఏడో అంశం.
కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకున్నారు.

ఫైర్ స్టేషన్ కప్పు మీద
రోజూ పట్టపగలు పన్నెండుకి కూసే సైరన్.
ఒకప్పుడు గనిది.
గని మూతబడి, సొరంగాల్లోకి సరస్సు దిగి,
రాగి రేవులో ఓడలు రావడం మానేసి,
ఊరికి కూత ఒక్కటే మిగిలింది.

లోరెటా పెల్కీ మైకు ముందు నిలబడింది.
ఆసుపత్రిలో రాత్రి నర్సు.
"పొద్దున ఎనిమిదికి ఇల్లు చేరతాను,
తొమ్మిదికి కన్ను మూస్తాను,
పన్నెండుకి మీరు నన్ను మంచం మీంచి ఈడుస్తారు.
పందొమ్మిదేళ్లుగా.
ఈ గదిలో సగం మంది తల్లులకి
ఆఖరి రాత్రి గొంతు తడిపింది నేనే.
నాకు నిద్ర బాకీ ఉన్నారు."
మూడు నిమిషాల గంట మోగకముందే వెళ్లి కూర్చుంది.
ఎవరూ దగ్గలేదు కూడా.

టోయ్‌వో రౌటియో లేచాడు.
ఎనభై నాలుగేళ్లు, నారింజరంగు వేటటోపీ తియ్యలేదు.
"పన్నెండుకి కూస్తే ఏమీ కాలేదని అర్థం.
వేరే వేళ కూస్తేనే
మా అమ్మలు పిండిచేతులతో గని వైపు పరిగెత్తేవాళ్లు.
నేనోసారి ఆమె కొంగు... కాదు, ఆమె ఏప్రన్ పట్టుకుని పరిగెత్తాను.
ఉదయం పదీ నలభై.
అప్పట్నించీ పన్నెండు కూత విన్నాకే
నాకు ముద్ద దిగుతుంది."
గంట మోగింది. మేయర్ దాన్ని అరచేత్తో మూసింది.

ఫైర్ చీఫ్ నీళ్లు నమిలాడు:
ఇప్పుడు అందరి దగ్గరా పేజర్లున్నాయి,
సైరన్ మోటారుకి మాత్రం రెండువేల మూడొందల డాలర్లు.
ఆఖరి వరసలోంచి ఓ పదకొండేళ్ల పిల్ల అడిగింది:
"దాంతోపాటు మా కుక్క కూడా కూస్తుంది.
ఆపేశారని దానికెవరు చెప్తారు?"
నవ్వులు. మినిట్స్‌లో: ప్రజల నుంచి ఒక ప్రశ్న.

తీర్మానం: నెల రోజులు ప్రయోగాత్మకంగా మౌనం.
అనుకూలం మూడు, వ్యతిరేకం రెండు.
ఎనిమిదో అంశం, ఫైర్ స్టేషన్ పాన్‌కేక్ విందు,
వినడానికి ఎవరూ ఆగలేదు.

మార్చి ఒకటి.
సిటీ హాలు మెట్ల మీద సాండ్‌విచ్‌తో కూర్చున్నాను.
పన్నెండైంది.
పోస్టాఫీసు ముందు ఓ మనిషి వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాడు.
బేకరీ ఆవిడ తలుపు తీసి, ఆకాశం చూసి, మూసింది.
ఏమీ కాలేదు.
ఏమీ కాలేదని చెప్పేవాళ్లు లేరు, అంతే.
పన్నెండూ మూడుకి
మేపుల్ వీధిలో ఒక్క కుక్క మొదలెట్టింది,
కాసేపు ఆగి చూసి,
జవాబు లేక మానేసింది.
లోరెటా కిటికీ తెర కదల్లేదు.

మార్చి సమావేశానికి ఆమె వచ్చింది.
"నాలుగింటిదాకా పడుకున్నాను. థాంక్స్" అంది.
ముఖం చూస్తే ఎవరో అనుకున్నాను.
మౌనం శాశ్వతం, నాలుగు, ఒకటి.

ఇక మినిట్స్‌కెక్కనిది ఒకటుంది.
రోజూ పన్నెండుకి నా బల్ల మీద ఫోన్ మోగుతుంది.
"అంతా బాగానేనా?"
"బాగానే, రౌటియో గారూ."
"సరే" అని పెట్టేస్తాడు.
వెనకాల ప్లేటులో చెంచా చప్పుడు.

శని, ఆదివారాలు ఆఫీసుకి సెలవు.
ఆ రెండ్రోజులు ఏం తింటాడో
నేనింతవరకు అడగలేదు.