పదిహేడో గడి

కంటోన్మెంటు షెడ్డులో మూడు టన్నుల లారీ.
తనిఖీ ఫారంలో ఇరవై ఆరు గడులు.
టీ వచ్చేలోగా
అన్నిట్లోనూ టిక్కులు కొట్టేశాను.

హవల్దార్ తవిటయ్య కాగితం చూళ్ళేదు.
నా అరచేతులు తిప్పి చూశాడు.
"గ్రీజు మరకే నేదు.
మరి దేన్ని సూసినావు బావూ?"

బండి కిందకి దూరమన్నాడు.
పదిహేడు: బ్రేకు గొట్టం.
కంటికి బాగానే ఉంది.
వేలితో తడిమితే, వంపు వెనక,
చెమట పట్టినట్టు తడి.

"నాకు ముందు ఇద్దరు పోనారు.
తవుడిచ్చి నన్ను కొనుక్కున్నాది మాయమ్మ.
రేతిరి నిద్దట్లో నేచి
ముక్కుకాడ ఏలెట్టి సూసీది.
గుమ్మంలో నిలబడి
బాగున్నాడని అనుకోనేదు."

టిక్కు చెరపనివ్వలేదు.
దాని మీద ఒక్క గీత, పక్కన నా సంతకం,
ఎర్ర సిరాతో:
కారుతోంది. బండి కదలరాదు.

రేపు ఇందులోనే
నెల్లిమర్ల దాటి క్యాంపుకి
ముప్పై మంది కేడెట్లు.
వాళ్ళ పేర్లకి
ఈ ఫారంలో గడి లేదు.

టీ మీద తొరక కట్టింది.
నేనింకా
పద్దెనిమిదో గడి దగ్గరే ఉన్నాను.