ఏడో గుంట

ఆమె వచ్చిననాడు ప్రాణహిత మీద వంతెన లేదు.
నాటుపడవ దిగి, తడిసిన చెప్పులు చేతపట్టుకొని
సిరొంచ ఒడ్డెక్కింది.
కాగితంలో ఘనా దేశం, కేప్ కోస్ట్ అని ఉంది.
గావండే సారు పటం మీద వేలు పెట్టి
చాలాసేపు వెతికిండు.

ఇంట్ల తెలుగు, బళ్ళె మరాఠీ,
అడివంచు పిల్లలకు మాడియా.
మాటలకు మాకేం కరువు లేదు.
ఆమెకే, వాటిల ఒక్కటీ రాదు.

ఎసి అంటే ఆదివారం పుట్టినదట.
నేను తర్జుమా చేసిన్నో లేదో
వెనక బల్ల మీంచి బుధ్రు లేచి నిలబడ్డడు,
ఏ ప్రశ్నకూ లేవనివాడు.
"నేను బుధవారం."
"అయితే మా ఊళ్ళె నువ్వు క్వెకు" అన్నది.
ఆ ఏడంతా వాడు హాజరుకు
రెండు పేర్లతో పలికిండు.

ముసురు పట్టిన పగలు, కరెంటు లేదు.
భాగారమంటే ఏడ్చే ఐదో తరగతి.
పోచక్క దాచిన ఓనగుంటల పీట బయటపడ్డది.
నేను గుంజుకోబోతే
ఎసి టీచరు నేల మీద చతికిలబడ్డది,
సంతలో పుట్టింటి మనిషి కనబడ్డట్టు.
చింతగింజలు పిడికిట తీసి
ఒక్కొక్కటే రాలుస్తూ పోయింది.
ఏడో గుంట కాడ చెయ్యి ఆగింది.
"మాకు ఆరే."
"మాకు ఏడు!"
తర్జుమా అక్కర లేని కొట్లాట అది,
బడి గంట కొట్టినా తెగలేదు.

చివరికి ఒక్క గింజ మిగిలితే
"ఇది ఎవరిది?" అని అడిగింది.
అడిగి ఊకున్నది.
నేనైతే మూడు లెక్కపెట్టకముందే
జవాబు నేనే చెప్పేసేదాన్ని.
ఆమె ఊకున్నది. రేకుల మీద వాన.
ఇరవై రెండేండ్ల నా నౌకరీల
తరగతి గది అంత పొడుగుంటదని
అప్పుడే తెలిసింది.

మరుసటేడు నేను పోయిన, నాలుగు నెలలు.
సముద్రం పక్క బడి. నా ఇంగ్లీషుకు పిల్లలు నవ్విన్రు.
మధ్యాహ్నం పులిసిన మక్కముద్ద పెడితే
మా గటుకకు మేనత్త బిడ్డ అనిపించింది.
అక్కడ నేను ఏం నేర్పిన్నో చెప్పలేను.
ఎవరో ఇసుకలో పక్కన ఇంకో గుంట తవ్విన్రు, అంతే.

మూడేండ్లకు పథకం ఆగింది.
ఎక్కడి సంతకమో రాలేదు.
"కలిగిన ప్రయోజనం అంకెలలో రాయగలరు" అన్న గడిలో
గావండే సారు నలభై ఒకటి అని రాసిండు,
ఆ ఏటి పిల్లల లెక్క.

మొన్న ఆసరెల్లి బడికి పోయిన, ఏదో పనుండి.
కొత్త పంతులమ్మ, ఎసి ఊసే ఎరుగని పిల్ల,
బోర్డు మీద లెక్క వేసి, అడిగి,
ఊకున్నది.
గుమ్మంలో నేను లోలోపల అంకెలు పెట్టిన.
ఎనిమిది. తొమ్మిది.
జవాబు నా నాలిక చివరకొచ్చింది, పంటితో పట్టుకున్న.
పదకొండు కాడ ఒక పిల్లగాడు లేచి
తప్పు చెప్పిండు.
"ఎట్లొచ్చింది రా, చూపియ్యి" అని
సుద్దముక్క వాని చేతిలో పెట్టింది.